పంచాయతీ వద్దంది, హెడ్మాస్టరు తప్పదన్నారు: మా పిల్లలకు టీకా వేయించాలా?

ప్రశ్న: మాది ఆదోని పక్కన ఒక పల్లె. పాప ఐదో తరగతి, బాబు పదో తరగతి. పోయిన నెలలో పిల్లలకు టీడీ సూది (ధనుర్వాతం, కంఠసర్పి అనే డిఫ్తీరియా రాకుండా వేసేది) వేస్తామని బడి నుంచి కబురొచ్చింది. వేయించుకోనివాళ్ళను బడిలోకి రానివ్వమని, పదో తరగతి వాళ్ళకు హాల్ టికెట్ ఇవ్వమని హెడ్మాస్టరు గట్టిగా చెప్పి పంపినారు. దాంతో ఊర్లో గొడవైంది. కరోనా అప్పుడు సూది వేసుకోకుంటే పింఛను ఆపుతామన్నారు, ఇప్పుడు పిల్లోళ్ళ మీద పడినారా అని జనం సర్పంచు ఇంటి ముందు కూర్చున్నారు. పంచాయతీలో "మా ఊరి బడిలో ఏ టీకా వేయరాదు" అని తీర్మానం చేసినారు. అమెరికాలోనే లోకల్ గవర్నమెంట్లు బడిపిల్లలకు టీకా వద్దని ఎదురు తిరిగినాయని ఒక వీడియో అందరి ఫోన్లలో తిరుగుతా ఉంది. ఆడపిల్లలకు ఈ సూది వేస్తే రేపు పిల్లలు పుట్టరని కూడా అంటున్నారు. సర్పంచు మా పెద్ద బావ. నేను బడి కమిటీలో మెంబర్ని. నాకైతే వేయించాలనే ఉంది. తీర్మానం ఉండగా వేయించొచ్చునా? వేయించకుంటే పాపను తీసేస్తారా? బావతో ఎట్ల మాట్లాడాల?
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు: అమ్మా, మొదటి రెండు ప్రశ్నలకు ముందే చెప్పేస్తాను. తీర్మానం ఉన్నా మీ పిల్లలకు మీరు టీకా వేయించవచ్చు. దానికి పంచాయతీ అనుమతి అక్కరలేదు. వేయించకపోయినా పాపను బడి నుంచి తీసేసే అధికారం హెడ్మాస్టరుకు లేదు. ఒకాయన తప్పదన్నారు, ఇంకొకాయన కూడదన్నారు. ఇద్దరూ తమ చేతిలో లేని అధికారం వాడేశారు. మీ పిల్లల విషయంలో మీ సంతకం అడగాలని మాత్రం ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

హెడ్మాస్టరు సంగతి ముందు చూద్దాం. ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాలేవీ మన దేశంలో చట్టప్రకారం నిర్బంధం కావు. మశూచి రోజుల్లో 1880 నాటి టీకాల చట్టం ఉండేది. మశూచి పోయాక అది కాగితం మీద మిగిలి, 2001లో రద్దయింది. దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం మళ్ళీ రాలేదు. కరోనా టీకాల మీద 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు కూడా ఉన్నారు. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, ఒంటి మీద హక్కు ఎవరిది వారిదేనని అన్నారు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది: ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం షరతులు పెట్టవచ్చు, అయితే అవి అవసరానికి తగ్గట్టు ఉండాలి, వాటికి ఆధారం చూపాలి. మీ ఊళ్ళో మొదటి సగం చెప్పేవాళ్ళు రెండో సగం మింగేస్తారు, ఆఫీసుల్లో రెండో సగం చెప్పేవాళ్ళు మొదటిది మింగేస్తారు. రెండూ గుర్తుపెట్టుకోండి.

బడి నుంచి తీసేయడం మాటకొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనూ బడి నుంచి వెళ్ళగొట్టకూడదు. ఐదో తరగతి పాపకు ఆ రక్షణ పూర్తిగా ఉంది. పదో తరగతి బాబు ఆ చట్టం కిందికి రాడు గానీ, హాల్ టికెట్టుకూ టీకాకూ ముడిపెట్టే నిబంధన ఏదీ లేదు. కమిటీ మెంబరుగా మీరు హెడ్మాస్టరును ఒక్క మాట అడగండి: "సార్, ఈ ఆర్డరు కాపీ ఒకటి ఇస్తారా?" సాధారణంగా కథ అక్కడితో ఆగిపోతుంది. ఆయన చెడ్డవాడని నేననను. ఎంత శాతం అయింది, ఇంకా ఎందుకు కాలేదు అని పైనుంచి రోజుకు నాలుగు ఫోన్లు వస్తే ఆ ఒత్తిడి ఆయన నోట బెదిరింపుగా బయటికొస్తుంది. కానీ బెదిరించి వేయించిన సూది ఆ ఒక్క రోజుకే పనిచేస్తుంది. మరుసటి ఏడాది అదే ఊరు తలుపులు వేసుకుంటుంది. మీ ఊళ్ళో ఇప్పుడు జరుగుతున్నది అదే. పింఛను బెదిరింపు అప్పుడు పనిచేసిందనుకున్నారు, దాని బాకీ ఇప్పుడు పిల్లల సూది దగ్గర తీరుతోంది.

ఇక పంచాయతీ. బడికీ ఆరోగ్యానికీ పంచాయతీకి సంబంధం లేదని నేను చెప్పడం లేదు. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవని చెప్పిన 29 అంశాల్లో చదువూ ఉంది, ఆరోగ్యమూ ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీకి పెద్ద కూడా సర్పంచే. అంటే ఊరికి అంటురోగాలు రాకుండా చూడమని బాధ్యత ఇచ్చారే గానీ, రోగాన్ని ఆపే పనిని ఆపమని కాదు. టీకా కార్యక్రమం ఆరోగ్యశాఖది. పంచాయతీ అభ్యంతరం చెప్పవచ్చు, వివరణ అడగవచ్చు, డాక్టరును గ్రామసభకు పిలిపించవచ్చు. "ఏ టీకా వేయరాదు" అనడం మాత్రం దాని పరిధి దాటిన మాట. అధికారం దాటిన తీర్మానాన్ని రద్దు చేసే వీలు ప్రభుత్వానికి పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. బావగారి గౌరవం నిలబడాలంటే ఆ కాగితం కలెక్టరు బల్ల మీదికి వెళ్ళకముందే మీరే మార్చుకోవడం నయం.

వీడియోలో చెప్పినది అబద్ధం కాదు, సగమే చెప్పారు. 2021 అక్టోబరు 1న కాలిఫోర్నియా గవర్నరు గావిన్ న్యూసమ్ బడిపిల్లలకు కరోనా టీకా తప్పనిసరి చేస్తామని ప్రకటించారు. కొన్ని కౌంటీల బోర్డులు దాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానాలు చేశాయి. కౌంటీ అంటే మన జిల్లా పరిషత్తు లాంటిది అనుకోండి. చివరికి 2023 ఫిబ్రవరిలో రాష్ట్రమే ఆ ఆలోచన మానుకుంది. వీడియో ఇక్కడ ఆగిపోతుంది. మిగతాది ఏమిటంటే, ఆ గొడవంతా ఒక్క కరోనా టీకా మీదే. తట్టు, పోలియో, కంఠసర్పి, ధనుర్వాతం టీకాలు లేకుండా ఆ రాష్ట్రంలో బడిలో చేర్చుకోవడం అప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు. 2014 చివర్లో డిస్నీల్యాండ్ నుంచి తట్టు పాకిన తర్వాత, సొంత నమ్మకాల పేరుతో ఇచ్చే మినహాయింపును కూడా 2015లో చట్టం చేసి తీసేశారు. 2025లో టెక్సాస్‌లో టీకాలు తక్కువగా ఉన్న ప్రాంతంలో తట్టు మొదలై 762 మందికి సోకింది. టీకా వేయించుకోని ఇద్దరు బడిపిల్లలు చనిపోయారు. ఆ వీడియో పంపినవాళ్ళకు ఇది కూడా పంపండి. చదువుతారని నాకైతే పెద్ద నమ్మకం లేదు, అయినా పంపండి.

ఇంతవరకు చదివి, "మా ఊరివాళ్ళు తెలివితక్కువవాళ్ళు, చదువురానివాళ్ళు, అందుకే భయపడుతున్నారు" అని మీరు అనుకుంటే నేను ఒప్పుకోను. మన తెలుగు నేల మీదే ఈ భయానికి ఒక కారణం ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయినట్టు వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ అదే విచారణలో ఇంకోటి బయటపడింది: చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల సంతకాలు లేవు, హాస్టల్ వార్డెన్లే పెట్టేశారు. పార్లమెంటు స్థాయీసంఘం 2013లో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, చాలా దేశాల్లో వేస్తున్నారు. మంచి మందును చెడ్డ పద్ధతిలో ఇస్తే మందుకే చెడ్డపేరు వస్తుంది.

వార్డెన్ సంతకం మాట ఎందుకు ఎత్తానంటే, మీ పక్క పల్లెల్లో ఇది పాత కథ కాదు. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు నుంచి సుగ్గికి పోయే కుటుంబాలు ఎన్నో మీకు నాకంటే బాగా తెలుసు. పత్తి తీతకు, గుంటూరు మిరపకోతకు నెలల తరబడి పోతారు. పిల్లలు కొందరు అవ్వ తాతల దగ్గర, కొందరు సీజనల్ హాస్టళ్ళలో ఉండిపోతారు, కొందరు తల్లిదండ్రులతోనే చేల గట్ల మీద గుడిసెల్లో ఉంటారు. బడిలో టీకా రోజున ఈ పిల్లల తరపున ఎవరు సంతకం పెడతారు? టీచరా, వార్డెనా? పంచాయతీకి నిజంగా పిల్లల మీద అక్కర ఉంటే అడగాల్సిన ప్రశ్న ఇదీ. టీకాలు తప్పిపోయేదీ ఈ పిల్లలకే, గుడిసెల్లో పక్కపక్కన పడుకుని తట్టు అంటించుకునేదీ వీళ్ళే. తీర్మానంలో వాళ్ళ ఊసే లేదు.

సంతకం విషయంలో పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంది. 2019 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం బడుల్లో తట్టు, రుబెల్లా టీకా తల్లిదండ్రుల అంగీకారంతో పనిలేకుండా వేయబోతే ఢిల్లీ హైకోర్టు ఆపింది. తల్లిదండ్రులు ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని, టీకా వల్ల వచ్చే ఇబ్బందులు కూడా వాళ్ళకు చెప్పాలని అంది. అది వేరే రాష్ట్రపు కోర్టు మాటే అయినా, హెడ్మాస్టరుతో, పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు మీకు బలం.

ఇప్పుడు సూది గురించి. టీడీ అంటే ధనుర్వాతానికి, కంఠసర్పికి కలిపి వేసే టీకా. జాతీయ పట్టికలో పదేళ్ళకు ఒకటి, పదహారేళ్ళకు ఒకటి. అందుకే ఐదు, పది తరగతుల పిల్లలను అడుగుతారు. పసితనంలో వేసిన టీకాల బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది, దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఇది.

నిర్బంధం గురించి వాదించేవాళ్ళు రెండు వైపులా ఒక తేడా మరచిపోతారు. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటుకోదు. మట్టిలో, పేడలో ఉండే క్రిమి గాయంలోంచి లోపలికి పోతుంది. మీ పాపకు టీకా లేకపోతే ముప్పు మీ పాపకే, పక్కింటి పిల్లకు కాదు. కాబట్టి "నీ బిడ్డ వల్ల మా బిడ్డలకు ప్రమాదం" అనే మాట ధనుర్వాతానికి చెల్లదు. కంఠసర్పికి చెల్లుతుంది. దగ్గితే, తుమ్మితే అంటుకుంటుంది. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు, దాని విషం గుండెను పట్టుకుంటుంది. ఒకసారి ముదిరిందంటే యాంటీటాక్సిన్ మందు గంటల్లో అందాలి, అది ప్రతి ఊరి ఆసుపత్రిలో ఉండేది కాదు. ఇప్పుడు మన దేశంలో ఇది ఎక్కువగా కనిపిస్తున్నది చంటిపిల్లల్లో కాదు, బడి వయసు పిల్లల్లో. కేరళలో మలప్పురం జిల్లా టీకాల మీద అనుమానాలు బలంగా ఉన్న చోటు. 2015, 2016ల్లో అక్కడ టీకాలు సరిగా వేయించుకోని పిల్లలు కంఠసర్పితో చనిపోయారు. చదువులో, ఆసుపత్రుల్లో మనకంటే ఎంతో ముందున్న రాష్ట్రం అది. తట్టు అయితే వీటన్నిటికంటే వేగంగా పాకుతుంది. నూటికి 95 మందికి టీకా ఉంటే తప్ప ఊళ్ళో ఆగదు.

పిల్లలు పుట్టరనే మాటకు జవాబు మీ ఇంట్లోనే ఉంది. మీరు కడుపుతో ఉన్నప్పుడు నర్సమ్మ వేసిన ధనుర్వాతం సూది గుర్తుందా? టీటీ అనేవారు. టీడీలో ఉన్నది అదే మందు, దానికి కొద్దిగా కంఠసర్పి మందు చేర్చారు. కొన్నేళ్ళుగా గర్భిణులకూ టీటీ బదులు ఇదే వేస్తున్నారు. పాప కడుపులో ఉన్నప్పుడు వేసుకున్నారు, బాబు కడుపులో ఉన్నప్పుడూ వేసుకున్నారు. మీ తోటికోడళ్ళు వేసుకున్నారు, మీ అక్క, అంటే సర్పంచుగారి భార్య కూడా వేసుకునే ఉంటారు. మొదటి కాన్పుకు ఆ సూది వేసుకున్న ఆడవాళ్ళే రెండో కాన్పుకు మళ్ళీ అదే నర్సమ్మ ముందుకు వచ్చారు. దాని వల్ల పిల్లలు పుట్టకపోతే మీ బడిలో ఈరోజు హాజరుపట్టీ ఖాళీగా ఉండేది. ఒకప్పుడు పురిట్లో ధనుర్వాతంతో పోయే పసిపిల్లలకు మన పల్లెల్లో లెక్క ఉండేది కాదు. దేశంలో అందరికంటే ముందు మన ఆంధ్రప్రదేశే 2003లో ఆ పీడ వదిలించుకుంది. దేశం మొత్తానికి 2015 పట్టింది. అది ఈ సూది వల్ల, ఆసుపత్రి కాన్పుల వల్ల జరిగింది. ఈ మాట మగవాళ్ళ పంచాయతీలో ఎవరూ చెప్పి ఉండరు. మీ పొదుపు సంఘం మీటింగులో చెప్పండి, మిగతా పని ఆడవాళ్ళే చూసుకుంటారు.

టీకా వల్ల ఏ కీడూ జరగదని మాత్రం ఎవరికీ హామీ ఇవ్వకండి. చెయ్యి నొప్పి, వాపు, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. చాలా అరుదుగా, పది లక్షల మోతాదుల్లో ఒకటి ఆ ప్రాంతంలో, వెంటనే తీవ్రమైన అలర్జీ వస్తుంది. అందుకే సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోబెడతారు, దానికి కావలసిన మందు నర్సు దగ్గర ఉండాలి. మనుషుల నిర్లక్ష్యమూ ఉంటుంది. పక్కనే కర్ణాటకలో, బెళగావి జిల్లాలో 2022 జనవరిలో తట్టు, రుబెల్లా టీకా వేసిన ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. మందును సరిగా నిల్వ చేయకపోవడమే కారణమని అధికారుల తొలి విచారణలో చెప్పారు. పొడి రూపంలో వచ్చే ఆ టీకాను నీళ్ళలో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. టీడీ అలాంటిది కాదు, ద్రవంగానే వస్తుంది. అయినా అడగడం మీ హక్కు: సీసా ఎప్పుడు విప్పారు, చల్లటి పెట్టెలో ఉందా, సిరంజి ఎవరిది వారికి విప్పుతున్నారా. మంచి ఏఎన్‌ఎం ఈ ప్రశ్నలకు విసుక్కోదు.

బావగారితో మాటలు. తీర్మానం తప్పని ఆయన ముందు నలుగురిలో అనకండి, ఆయనకు వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది. జనం బాధ విని ఆయన ముందుకొచ్చారు, అది సర్పంచు చేయాల్సిన పనే. మొదట ఆ మాట అనండి. బెదిరించడం తప్పని ఊరంతా అనుకున్నది సబబే, దాన్ని కాగితం మీద పెట్టడం మంచిదే అని ఒప్పుకోండి. ఆ తర్వాత కాగితంలో మాటలు మార్చమని అడగండి. నాకు తోచిన నమూనా ఇది:

"మా గ్రామ పాఠశాలలో ఏ టీకా వేసేముందైనా అది ఏ టీకా, ఎందుకు, దాని వల్ల వచ్చే ఇబ్బందులేమిటి అన్నది తెలుగులో రాసి కనీసం వారం ముందు తల్లిదండ్రులకు ఇవ్వాలి. తల్లి లేదా తండ్రి సంతకం లేకుండా వేయరాదు. హాస్టల్ వార్డెన్, ఉపాధ్యాయుల సంతకం చెల్లదు. వలస వెళ్ళే కుటుంబాల సంతకాలు వారు ఊరు విడవకముందే తీసుకోవాలి. టీకా రోజున పీహెచ్‌సీ డాక్టరు బడిలో ఉండాలి. వేయించుకోని పిల్లలను బడి నుంచి పంపించడం, పరీక్షలు ఆపడం చేయరాదు. వేయించుకోదలచిన వారికి ఎవరూ అడ్డు చెప్పరాదు."

చివరి రెండు వాక్యాలు జంటగా ఉండాలి. ఒకటి బావగారికి, ఒకటి మీకు. ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని ఉంచుతామంటే ఒప్పుకోకండి. బడి కమిటీలో కూడా ఇదే రాయించి హెడ్మాస్టరుతో సంతకం పెట్టించండి. డాక్టరు వచ్చి అరగంట కూర్చుని ప్రశ్నలకు జవాబు చెబితే సగం ఇళ్ళు మెత్తబడతాయి. మిగతా సగం మొదటి వారం ఎవరికీ ఏమీ కాలేదని చూశాక వస్తాయి. అందరూ రారు. రానివాళ్ళను తిట్టకండి.

తీర్మానం మారకపోయినా మీకు దారి ఉంది. మామూలుగా బుధ, శనివారాల్లో ఆరోగ్య ఉపకేంద్రంలో టీకాలు వేస్తారు. పాత టీకా కార్డు దొరికితే తీసుకెళ్ళండి, దొరక్కపోయినా వెళ్ళండి. పిల్లలకు కడుపునిండా పెట్టి తీసుకెళ్ళండి. ఈ వయసు పిల్లలు ఖాళీ కడుపుతో వరుసలో నిలబడి, ముందున్న పిల్ల ఏడవడం చూసి కళ్ళు తిరిగి పడిపోతారు. ఒకరు పడితే వెనకే ఇంకో నలుగురు పడతారు. అది మందు వల్ల కాదు, భయం వల్ల. కానీ ఆ దృశ్యం ఫోన్లో ఎక్కితే మీ ఊరికి ఇంకో వీడియో తయారైనట్టే. జలుబు, కొద్దిపాటి దగ్గు ఉన్నా వేయించవచ్చు. గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్ళండి. ఇంతకుముందు ఏ టీకాకైనా ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే ముందే చెప్పండి, డాక్టరు లేకుండా వేయించకండి.

ఒక్కటి మాత్రం చేయకండి: ఇంట్లో చెప్పకుండా దొంగచాటుగా వేయించడం. ఆ రాత్రి పాపకు జ్వరం తగిలిందంటే, అది రేపటికి తగ్గే జ్వరమే అయినా, తెల్లారేసరికి ఊరంతా మీ ఇంటి ముందుంటుంది, బావగారి తీర్మానానికి మీ పాపే సాక్ష్యం అవుతుంది. ముందు మీ ఆయనకు చెప్పండి. తర్వాత మీ అక్కతో, బావగారికంటే ముందు ఆమెతో మాట్లాడండి. ఫలానా బుధవారం తీసుకెళ్తున్నాను, జ్వరం రావచ్చు, పారాసిటమాల్ ఇంట్లో పెట్టుకున్నాను అని చెప్పి వెళ్ళండి. వీలైతే అక్కనూ వెంట తీసుకెళ్ళండి.